కొల్లేటి మంచె మీద మా నాన్నగారి పంచె

ఆడపిల్ల ఉద్యోగం చేస్తానంటే ఆ రోజుల్లో ఇంట్లోవాళ్ళు ముందుగా అడిగే ప్రశ్న "ఎన్నాళ్ళు?" అని. జలుబు ఎన్నాళ్ళుంటుంది, వచ్చిన చుట్టాలు ఎన్నాళ్ళుంటారు అని అడిగినట్టే అడిగేవారు. ఎప్పటికైనా తగ్గే జబ్బే కదా అని వాళ్ళ ధీమా. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో నేను ఏలూరులో ట్రైనింగ్ పూర్తి చేశాక, కొల్లేటి ఒడ్డున ఒక చేపల ఊళ్ళో బోర్డు స్కూలుకి పంతులమ్మగా వేశారు. మాది తాడేపల్లిగూడెం. నాన్నగారికి బజార్లో పచారీ కొట్టు. ఏకాదశి నాడు మా ఇంటి గడప ఉల్లిపాయ కూడా దాటేది కాదు. అలాంటి ఇంటి పిల్ల వెళ్ళి చేపలవాళ్ళ మధ్య కాపురం పెట్టడమా? "అక్కడ గాలి కూడా నీచు వాసనేనే!" అని మా అమ్మ గూడెంలో ఉండగానే ముక్కు మూసుకుంది. చివరికి నాన్నగారు బేరం కుదిర్చారు (బేరం లేకుండా ఆయన దేనికీ ఒప్పుకునేవారు కాదు, బేరం కుదిరాక మాట తప్పేవారూ కాదు, అదే నా ప్రాణానికొచ్చింది). "కార్తీకం వెళ్ళేదాకా చెయ్యి. వెళ్ళగానే నేనే వచ్చి తీసుకొస్తాను," అన్నారు. నేను తలూపాను. ఇరవై ఏళ్ళ వయసులో ఐదు నెలలంటే ఒక యుగం కదా, ఈలోగా ఏదో ఒకటి జరక్కపోతుందా అనుకున్నాను.

ఏమీ జరగలేదు. జరిగిందల్లా ఆ బడి నాకు ప్రాణమైపోవడం. నలభై మంది పిల్లలు, ఒక నల్లబల్ల, కాళ్ళలో ఒకటి పొట్టిదైన కుర్చీ. మొదటి వారం నన్ను చూసి గోడ దూకి పారిపోయిన పిల్లలే, దీపావళి నాటికి నేను మధ్యాహ్నం అన్నం తిని వచ్చేలోపు బల్ల తుడిచి, పొద్దున నేను చెప్పిన పాఠం నా గొంతుతోనే ఒకరికొకరు చెప్పుకునేవారు. (నా గొంతు అంత కీచుగా ఉంటుందని అప్పుడే తెలిసింది.) నన్ను "పంతులమ్మగారండీ" అని పిలిచిన ప్రతిసారీ నేను ఒక అంగుళం పొడుగు పెరిగేదాన్ని. ఇంతలో కార్తీకం వెళ్ళింది, నాన్నగారి కార్డు వచ్చింది. "ఆదివారం ఉదయం వచ్చెదను. మధ్యాహ్నం బండికి తిరుగు ప్రయాణం. సామాను సర్దుకొని ఉండవలెను." కార్డు కాబట్టి నాకంటే ముందు పోస్టుమాన్ చదివాడు, వాడి పుణ్యాన ఊరంతా చదివింది. నేను చదివేసరికి నా ముందే పదిమంది కళ్ళు తుడుచుకుంటున్నారు.

ఏడ్చి లాభం లేదని, నాన్నగారిని ఒప్పించడానికి ఒక ఉపన్యాసం తయారు చేసుకున్నాను. స్త్రీవిద్య, దేశ పునర్నిర్మాణం, పిల్లల భవిష్యత్తు అన్నీ ఉన్నాయి అందులో. పప్పు తిరగమోత పెడుతూ వల్లె వేసేదాన్ని, రెండుసార్లు పోపు మాడింది. ఇక చెప్పడం ఎక్కడ? నేనుంటున్న గదికి ఒక వైపు గోడ తడిక. ఆ తడిక అవతల ఎప్పుడూ పది మంది వలలు అల్లుకుంటూ ఉంటారు. పైగా మా నాన్నగారిని మాట్లాడనివ్వకుండా చెయ్యాలంటే మామూలు చోటు చాలదు. కొట్లో కూర్చుని కూర్చుని ఆయనకి మాటా, చెయ్యీ రెండూ ఆగేవి కావు. వినడానికి ఎవరూ లేకపోతే చేతికందిన కాయితం ముక్కతో పొట్లం చుడుతూ ఆ పొట్లంతోనే మాట్లాడేవారు. ఆయన నోరు మూయించగలిగేది ఏదైనా ఉంటే అది మంచె మీద నుంచి కనిపించే కొల్లేరే అనిపించింది.

ఆ మంచె ఊరికి అరమైలు దూరంలో నీళ్ళ మధ్య ఒక దిబ్బ మీద ఉండేది. నాలుగు తాటి మొద్దుల మీద వెదురు తడిక, పైన కిక్కిస గడ్డి కప్పు, ఎక్కడానికి నిచ్చెన. కప్పులోంచి ఆకాశంలోకి లేచిన పొడుగాటి వెదురు గెడ. దాన్ని కాసేది ఒక ముసలాయన, ఊరంతా ఆయన్ని మంచె తాత అనేవారు. ఏం కాస్తాడో నేనెప్పుడూ అడగలేదు, చేలు లేని చోట పిట్టల్ని తోలేవాడు కాబోలు అనుకున్నాను. అంతకు ముందు రెండు ఆదివారాలు తాతని బతిమాలి వెళ్ళి కూర్చున్నాను. అంత నిశ్శబ్దం నేను మళ్ళీ ఎక్కడా వినలేదు. తాత తన ఎర్ర తువ్వాలు తడిపి ఆ గెడకి ఆరేసి, చుట్ట ముట్టించి, గంటకో మాట మాట్లాడేవాడు. ఐదు నెలల్లో ఊరి గుట్టంతా నాకు తెలిసిపోయిందని నా నమ్మకం. ఆ వారం బడికి సగం మంది పిల్లలు రాకపోతే, చలి జ్వరాలు కాబోలునని హాజరు పట్టీలో ఎర్ర సిరాతో గుర్తులు పెట్టుకుంటూ పోయాను. అందరికీ తెలిసిన విషయం కాబట్టి నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పాలని వాళ్ళకి తట్టనూ లేదు.

ఆదివారం నాన్నగారు రానే వచ్చారు. ఏలూరులో రైలు దిగి, జట్కా ఎక్కి, గట్టు మీద నడిచి, దారి పొడుగునా దుమ్మునీ జట్కావాణ్ణీ తిట్టుకుంటూ వచ్చారు. "సామాను సర్దావా?" అన్నారు, కాళ్ళు కడుక్కోకుండానే. "సర్దాను నాన్నగారూ. బండికి ఇంకా టైముంది కదండీ, ఒక్కసారి కొల్లేరు చూసొద్దాం," అన్నాను. "కొల్లేరు చూడ్డానికేముందే, నీళ్ళేగా?" అన్నారు గాని, ఊరికే కూర్చోవడం కంటే నయమని లేచారు. మంచె తాత దోనె తెచ్చాడు. కొల్లేటి దోనె అంటే తాటి మొద్దు తొలిచి చేసింది, పక్కకి దగ్గినా ఒరుగుతుంది. "కదలకుండా కూకోండి శెట్టిగారూ," అన్నాడు తాత. నాన్నగారు కదలకుండా కూర్చోవడం దేవుడి తరం కూడా కాదు. "ఆ పిట్టలేవిటోయ్? ఈ గడ్డి దేనికోయ్?" అని అటూ ఇటూ తిరుగుతూ దిబ్బ దాకా ఎలాగో వచ్చారు. దిగేటప్పుడు మాత్రం ఒక కాలు దిబ్బ మీదా ఒక కాలు దోనెలోనూ పెట్టి, "చూశావా, ఎంత సుఖంగా..." అంటుండగానే దోనె తన దారిన తాను వెళ్ళిపోయింది. మోకాలి లోతే లెండి. కాని ఆయన కూర్చుండిపోయారు.

"అయ్యబాబోయ్!" అని తాత చెయ్యందించాడు. నాన్నగారు ఎక్కడికెళ్ళినా సంచిలో మారు పంచె ఉండేది, అది కట్టుకుని నిచ్చెనెక్కారు. తాత గేదెకి గడ్డి కోసుకొస్తానని కిక్కిసలోకి దోనె తోసుకుంటూ వెళ్ళాడు. తడిసిన పంచె నా చేతిలో ఉంది. ఎనిమిది మూరల మల్లుపంచె, చాకలి చేత నీలిమందు పెట్టించింది, పాల నురుగులా ఉంది. బండి టైముకి ఆరాలి కదా. గెడకి తాడు ఉంది, తాత తువ్వాలు ఆరేసుకోవడం రెండు కళ్ళతో చూశాను. అంచులు ముడేసి, గాలి బాగా తగులుతుందని తాడు లాగి, పంచెని గెడ చివరిదాకా ఎక్కించాను. ఎంత తెలివైన ఆడపిల్లనో అని నాకు నేనే మెచ్చుకున్నాను కూడా.

ఇక చూడండి ఆ కొల్లేరు. ఎదురుగా కంటి మేర నీళ్ళు, నీళ్ళ మీద తామరాకులు, వాటి మీద అడుగులేస్తూ నీటికోళ్ళు. దూరాన గూడబాతులు గుంపుగా లేచి, సంచి ముక్కులు చాచుకుని, మా నెత్తి మీదుగా తీరిగ్గా వెళ్ళాయి. వెనక్కి తిరిగితే ఏలూరు వైపు రైలు పొగ సన్నగా సాగి కనిపిస్తోంది, చప్పుడు మాత్రం వినపడదు. మార్గశిరం ఎండ వెచ్చగా ఉంది. నాన్నగారు "ఏవిటే ఇది..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. తర్వాత మాట్లాడలేదు! జేబులోంచి కాయితం ముక్క తీసి పొట్లం చుట్టబోయి, అది కూడా సగంలో మానేశారు. పుట్టి బుద్ధెరిగాక మా నాన్నగారిని అంతసేపు నిశ్శబ్దంగా చూడ్డం అదే మొదలు. ఆయన మొహంలో పెద్దవాడి బరువంతా దిగిపోయి, మా తాతయ్య ఇంట్లో ఫోటోలో ఉన్న చిన్న అబ్బాయి కనిపించాడు. నాకు ఒక్కసారిగా ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చి, ఉపన్యాసంలో మొదటి మాట మరిచిపోయాను. ఎలాగో గుర్తు చేసుకుని, గొంతు సవరించుకుని, "నాన్నగారూ, స్త్రీ విద్యావంతురాలైన నాడు..." అన్నాను.

"అవేవిటే?" అన్నారు నాన్నగారు, ఊరి వైపు చూపిస్తూ.

ఊరి రేవు మొత్తం కదిలి వస్తోంది. ముందు పది దోనెలు, వెనక ఇరవై, వాటి వెనక లెక్క తెలియలేదు. మగవాళ్ళు నిలబడి గెడలు వేస్తున్నారు, ఆడవాళ్ళు ఒళ్ళో తట్టలూ వలలూ పెట్టుకుని అరుస్తున్నారు, చలి జ్వరాలతో పడుకున్నారనుకున్న నా సగం క్లాసూ తల్లుల పక్కన కూర్చుని కేరింతలు కొడుతోంది. ఒక దోనెలో డప్పు కూడా! గూడబాతులు, నీటికోళ్ళు, కొంగలు అన్నీ ఒక్కసారి లేచాయి. "నన్ను చూడ్డానికే వస్తున్నారా?" అన్నారు నాన్నగారు, కొంచెం సర్దుకుని కూర్చుంటూ. (ఈ అనుమానం మా వంశంలో అందరికీ ఉంది.) ఇంతలో కిక్కిసలోంచి మంచె తాత బయటికొచ్చాడు. దోనెలని చూశాడు, తలెత్తి గెడ చివర రెపరెపలాడుతున్న పంచెని చూశాడు, చేతిలో గడ్డిమోపు నీళ్ళలో వదిలేశాడు. "ఏం పని సేసారండీ బాబూ! కొంప ములిగిందండీ!" అని తల పట్టుకున్నాడు.

అప్పుడు తెలిసింది ఆ మంచె దేనికో. మంచె పక్కనున్న పెద్ద మడుగు ఊరందరిదీ. వానలు తగ్గినప్పటి నుంచీ అందులో ఎవరూ వల వెయ్యకూడదు. నీళ్ళు చల్లబడి, చేప లోతుకి దిగి మడుగులో కూడుకున్న రోజు చూసి, తాత గెడకి తెల్లగుడ్డ ఎత్తుతాడు. ఎర్ర తువ్వాలుకి లెక్క లేదు, తెల్లదానికే లెక్క. అది కనపడగానే ఊరంతా ఒక్కసారి బయల్దేరాలి. వారం రోజులుగా ఊళ్ళో ఎవరూ అన్నం సరిగా తినకుండా ఆ గెడ వైపే చూస్తున్నారు, పిల్లలు బడి మానింది అందుకే. "ఇంకో రెండ్రోజులాగాలండి. నీళ్ళింకా సల్లబళ్ళేదండి. ముందే వలేసి సేప సెదిరిపోతే, అదింక మడుక్కి రాదండి. ఏడాదంతా నోట్లో మట్టేనండి," అన్నాడు తాత. ఇంతమంది తిండి పాడుచేసిన పంతులమ్మని నాన్నగారు తీసుకెళ్ళేదాకా ఎందుకు, వీళ్ళే సామాను మోసుకెళ్ళి రైలెక్కించి వస్తారు అనుకున్నాను.

ఊరి పెద్దాయన దోనె ముందుగా వచ్చి ఆగింది. ఆరడుగుల మనిషి, తలపాగా. తాత మొహం చూడగానే ఆయనకి సగం అర్థమైంది. "గుడ్డెవరెత్తారండీ?" అన్నాడు, మెల్లిగానే. ఆ మెల్లిదనానికే నాకు భయమేసింది. వెనక దోనెలన్నీ చప్పుడు లేకుండా ఆగాయి. నేను నోరు తెరిచాను.

"నేనండీ," అన్నారు నాన్నగారు. లేచి నిలబడ్డారు. "పంచె నాది, కట్టిందీ నేనే. అమ్మాయి వద్దనే అంది, నేనే వినలేదు. తెలియక చేసిన తప్పు, క్షమించాలి," అని, కొట్లో పిల్లలు కొసరు పప్పు అడిగినా అరిచే మనిషి, అంతమంది ఎదుట చేతులు జోడించారు. (వద్దని నేను అననే లేదు. తూకంలో గింజ తేడా రానివ్వని మా నాన్నగారు అబద్ధమాడగా నేను విన్నది ఆ ఒక్కసారే.) నాకు ఏడుపొచ్చింది. "కాదండీ, నేనే..." అనబోతే, నా చెయ్యి గట్టిగా నొక్కి, "నువ్వూరుకో," అన్నారు.

పెద్దాయన గెడ వైపు చూశాడు. మడుగు వైపు చూశాడు. "ఎత్తిన గుడ్డ దింపకూడదండి. గంగమ్మకి కోపం వత్తాదండి. ఇంకేవుంది, ఒక్క వల ఏసి సూడ్డవే," అన్నాడు. నలుగురు నీళ్ళలోకి దిగారు. వల గుండ్రంగా విచ్చుకుని పడింది. అది లాగేలోపు ఎంతసేపైందో నాకు తెలీదు. నాన్నగారు కళ్ళు మూసుకుని ఏదో స్తోత్రం చదువుతున్నారు. ఏకాదశికి ఉల్లిపాయ తినని మనిషి, చేపలు పడాలని విష్ణుమూర్తిని వేడుకుంటున్నారు! అందులోనూ ఆ స్వామి మత్స్యావతారుడే కదా, ఇరకాటంలో పడి ఉంటాడు పాపం.

వల పైకి రాలేదు. ఇంకో నలుగురు దిగితే గాని రాలేదు. వచ్చాక చూస్తే, ఎండకి వెండి గిన్నెలన్నీ ఒక్కచోట కుమ్మరించినట్టు తళతళ. డప్పు మోగింది. ఆడవాళ్ళు కేకలేశారు, నా క్లాసు మొత్తం నీళ్ళలోకి దూకింది. "నేనూ ఇయ్యాలే ఎత్తుదావనుకున్నానండి," అన్నాడు మంచె తాత, అందరికీ వినపడేలా. నేను నాన్నగారి భుజం మీద తలానించి నవ్వుతున్నానో ఏడుస్తున్నానో తెలీకుండా ఉండిపోయాను.

గండం గడిచిందనుకున్నాం. గడవలేదు. పెద్దాయన ఒక కొర్రమీనుని రెండు చేతుల్లో పట్టుకుని నిచ్చెనెక్కి వచ్చాడు. మోచెయ్యి పొడుగుంది, బతికే ఉంది. "గుడ్డెత్తినోళ్ళకి మొదటి సేపండి శెట్టిగారూ. రెండు సేతులా పుచ్చుకోవాలండి. మీరు పుచ్చుకున్నాకే ఎవరైనా ఇంటికి సేప అట్టుకెళ్ళేది," అన్నాడు. నాన్నగారి మొహం వాళ్ళు దింపకుండా ఉంచిన పంచె కంటే తెల్లగా అయిపోయింది. నా చెవిలో, "అమ్మాయ్, అంటే ఇది వీళ్ళకి బోణీ లాంటిదా?" అన్నారు. "అలాగే ఉందండీ," అన్నాను. ఆయన నిట్టూర్చారు. బోణీ బేరం పగవాడు తెచ్చినా తిప్పి పంపకూడదని ఆయన వ్రతం. ఊరందరి బోణీ, తన మూలంగా మొదలైన బోణీ, తన శాకాహారం కోసం తిప్పికొడితే ఇన్ని కొంపల ఉసురు తగలదూ?

"నారాయణ, నారాయణ," అంటూ రెండు చేతులూ చాచారు. కొర్రమీనుని పట్టుకోవడం పప్పు పొట్లం పట్టుకోవడం లాంటిది కాదు. చేతికి రాగానే అది ఒక్క గింజు గింజుకుంది, నాన్నగారు దాన్ని గుండెకి హత్తుకున్నారు. అది తోకతో ఆయన కుడి చెంప వాయించింది, మొహం తిప్పుకుంటే ఎడమ చెంప కూడా. "ఒసేయ్, ఒసేయ్!" అని ఆయన దాన్ని బతిమాలుతూ మంచె మీద ఈ మూల నుంచి ఆ మూలకి ఒక చుట్టు తిరిగారు. కింద ఊరు ఊరంతా పొట్టలు పట్టుకుని నవ్వుతోంది. ఆఖరికి దాన్ని అదిమిపట్టి, మంచె తాత దగ్గరికి నడిచి, "పుచ్చుకున్నాను, ఇప్పుడిది నాదేగా? ఏటా గుడ్డ ఎత్తేది మీరు. మీ పని నేను చేశాను గాని, మీకు ముట్టేది నేను ఉంచుకోకూడదు," అని ఆయన చేతుల్లో పెట్టారు. తాత చేపని కళ్ళకద్దుకున్నాడు. కిందనున్న జనం నవ్వు ఆపి, "మంచి మడిసండీ," అనుకోవడం నాకు వినపడింది.

తిరిగొచ్చేటప్పుడు మమ్మల్ని పెద్దాయన దోనెలోనే కూర్చోబెట్టారు. ఈసారి నాన్నగారు నిజంగానే కదలకుండా కూర్చున్నారు. కాసేపయ్యాక పెద్దాయనే అడిగాడు, "పంతులమ్మగారిని తీసుకెళ్ళిపోతారంటగదండీ? కార్డులో సదివావండి." "మా వోళ్ళకి సంతకం నేర్పారండి. నాక్కూడానండి. ఇంకెవరొత్తారండి మా ఊరికి?" అన్నాడు, నీళ్ళకేసి చూస్తూ. నాన్నగారు జేబులోంచి సగం చుట్టిన పొట్లం తీసి, దాన్నే చూసుకుంటున్నారు. నా గుండె కొట్టుకోవడం దోనెకి తెలుస్తుందేమోనని భయపడ్డాను.

ఇంటికొచ్చాక నూతి దగ్గర సున్నిపిండీ, శీకాయా రాసుకుని పదహారు చేదలు పోసుకున్నారు. అయినా "మీ అమ్మకి ఈ వాసన పోల్చుకోవడం ఒక్క క్షణం పట్టదే," అన్నారు. మధ్యాహ్నం బండి ఎప్పుడో వెళ్ళిపోయింది. సోమవారం పొద్దున్న, ఊరికే కూర్చోలేక, బడికొచ్చి వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఆ రోజు ఒక్కరు కూడా బడి మానలేదు. నాన్నగారు ఉన్నారన్న కంగారులో నేను ఎక్కాలు తప్పు చెబితే, పిల్లలు నన్ను దిద్ది కాపాడారు. గంట కొట్టాక గట్టు దాకా సాగనంపడానికి వెళ్ళాను. జట్కా ఎక్కుతూ, నా వైపు చూడకుండా, సంచి తాడు సవరించుకుంటూ, "ఏడాది మధ్యలో వదిలేసి వస్తే ఆ పిల్లల చదువేం కాను? ఈ ఏడు పూర్తి చేసుకునే వచ్చెయ్," అన్నారు. అలాగేనన్నాను. జట్కా మలుపు తిరిగేదాకా బుద్ధిగా నిలబడి, తిరిగాక గట్టు మీద ఎగిరి గంతేశాను. (పంతులమ్మలు గంతులెయ్యకూడదన్న సంగతి చెట్టెక్కి చూస్తున్న నా రెండో తరగతి నాకు గుర్తు చేసింది.)

ఆ ఏడు పూర్తి కావడానికి ముప్ఫై ఎనిమిదేళ్ళు పట్టింది. మధ్యలో పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, నల్లజర్లనీ కామవరపుకోటనీ బదిలీల మీద ఊళ్ళు తిరిగాను. ప్రతి వేసవికీ గూడెం వెళితే నాన్నగారు "పూర్తయిందా?" అనేవారు. "ఇంకా కాస్త ఉంది నాన్నగారూ," అనేదాన్ని. "సరే, తొందరేముందిలే," అనేవారు, పొట్లం చుట్టుకుంటూ. నేను రిటైరయ్యేనాటికి ఆయన లేరు. దండలూ ఫోటోలూ అయ్యాక, బడి గుమ్మంలో ఒక్కదాన్నే నిలబడి, "పూర్తయింది నాన్నగారూ," అన్నాను పైకే. వెనకాలే వచ్చిన కొత్త మాస్టరు కంగారుపడి, "నాతోనా అండీ?" అన్నాడు. కాదు బాబూ అని చెప్పబోతే నవ్వొచ్చేసింది. ఆ నవ్వు ఆపుకోలేక, కళ్ళు తుడుచుకుంటూ, అరవైకి దగ్గరపడ్డ మనిషిని అతని ముందు అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను.